పాత స్పోర్ట్స్ సెడాన్‌కి ఏ అప్పు మంచిది? గోదావరి డెల్టా లెక్కలతో ఒక పోలిక

మొన్న వేసవిలో మా పక్క ఊరి కుర్రాడు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. భీమవరం దగ్గర వాళ్లకి ఇరవై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. హైదరాబాద్‌లో బీఎండబ్ల్యూ 330ఐ, 2021 మోడల్ చూసుకున్నాడు. బేరం 35 లక్షలకు తెగింది. చేతిలో 15 లక్షలున్నాయి, మిగతా 20 లక్షలు అప్పు చెయ్యాలి. కాగితం మీద ఫైనాన్స్ ఏజెంటు నీలం పెన్నుతో రాసిచ్చిన లెక్క ఉంది: వడ్డీ 7 శాతం, ఐదేళ్లు, నెలకు 45,000.

"బ్యాంకు వాళ్లు పన్నెండు చెప్పారు బాబాయ్, వీళ్లు ఏడే అంటన్నారు. ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు.

కాలిక్యులేటర్ తీసి చూపించాను. 20 లక్షలకు 7 శాతం చొప్పున ఏడాదికి 1,40,000. ఐదేళ్లకు 7 లక్షలు. అసలు, వడ్డీ కలిపిన 27 లక్షల్ని 60 నెలలతో భాగిస్తే 45,000. దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. అసలు నెలనెలా కరుగుతున్నా, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొదటి రోజు తీసుకున్న 20 లక్షల మీదే పడుతుంది. తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది పన్నెండున్నర శాతంతో సమానం. బ్యాంకు చెప్పిన 12 శాతానికి నెల వాయిదా 44,489. ఏడు అన్న చోటే అప్పు ఖరీదు ఎక్కువ.

ఆడిటరు ఆఫీసులో కూర్చుని చాలా ఏళ్లుగా ఇలాంటి లోను ఫైళ్లు చూస్తున్నాను. కారు ఎంచుకోవడంలో మనవాళ్లు చాలా తెలివిగా ఉంటారు. ఇంజను, టైర్లు, గేరు బాక్సు అన్నీ కనుక్కుంటారు. అప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నెలకి ఎంత పడుద్ది?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతారు. అందుకే ఈ పోలిక రాస్తున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మొత్తం మీద ఎంత కడతాం. నెల వాయిదా తక్కువగా కనిపించాలంటే గడువు పెంచితే చాలు, ఆ పని ఏ ఏజెంటైనా చేస్తాడు. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ప్రతి రిటైల్ లోనుకీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు వగైరా అన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంతో అదే చెబుతుంది. రెండు చోట్ల అడిగినప్పుడు ఆ రెండు ఏపీఆర్‌లే పక్కపక్కన పెట్టి చూడండి. నీలం పెన్ను కాగితాలు నమ్మకండి.

రెండోది, డబ్బు మన చేతికి ఎప్పుడొస్తుంది. జీతగాడికి ఒకటో తారీఖున వస్తుంది. రొయ్యల రైతుకి పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మిన రోజున వస్తుంది. వరి రైతుకి సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండుసార్లు. కోనసీమలో కొబ్బరి ఉన్నవాళ్లకి దింపు దింపుకీ కాస్త. ఈఎంఐ జీతగాళ్ల కోసం పుట్టిన పద్ధతి. దాన్ని చెరువు ఆదాయానికి తగిలిస్తే నాలుగు నెలలకోసారి టెన్షన్ తప్పదు.

మూడోది, తాకట్టులో ఏముంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. మన ప్రాంతంలో ఆదాయం రొయ్యలకొచ్చే ఒక్క వైట్ స్పాట్ తెగులుతో, ఒక్క తుపానుతో ఆగిపోతుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల కౌంటు ధరలు (కిలోకి ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టి కట్టే ధరలు) ఎలా పడ్డాయో చూశాం. అలాంటి ఏడాది వాయిదాలు ఆగి ఏదో ఒకటి పోవాల్సి వస్తే, పోయేది కారే కావాలి. ఇల్లు, నగలు కాకూడదు. కింద నేనిచ్చే సలహా అంతా ఈ మాట మీదే నిలబడి ఉంది. ఒకటి రెండు శాతం వడ్డీ ఎక్కువైనా నేను కారు తాకట్టు వైపే మొగ్గుతాను.

నాలుగోది, మధ్యలో తీర్చేయగలమా. పంట బాగా వచ్చిన ఏడాది అప్పు దించేసుకోవాలనిపిస్తుంది. ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో మారుతూ ఉండే వడ్డీ) లోనుని సొంత అవసరానికి తీసుకున్న వ్యక్తి ముందే తీర్చేస్తే చార్జీ వెయ్యకూడదు. పాత కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటు మీద ఉంటాయి, వాటికి వేస్తారు. సంతకానికి ముందే ఆ శాతం ఎంతో, ఎన్ని నెలల తర్వాత తీర్చనిస్తారో రాయించుకోండి.

## రూపాయి వడ్డీకీ, పన్నెండు శాతానికీ తేడా

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో ఎవరూ ఆలోచించరు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. రూపాయిన్నర అంటే 18, రెండు రూపాయలంటే 24. కాబట్టి "బ్యాంకు కూడా రూపాయి వడ్డీయే, నోటు మీద తెచ్చినా రూపాయి వడ్డీయే" అనుకుంటారు. రేటు ఒకటే. కానీ కట్టే సొమ్ము ఒకటి కాదు.

ప్రామిసరీ నోటు మీద 20 లక్షలు తెస్తే నెలకు 20,000 వడ్డీ కడుతూ ఉంటాం. ఐదేళ్లకు వడ్డీ 12 లక్షలవుతుంది. అసలు 20 లక్షలు అలాగే కూర్చుని ఉంటుంది. అదే 12 శాతానికి బ్యాంకు ఈఎంఐలో ఐదేళ్లకు వడ్డీ 6.69 లక్షలు, అసలు పూర్తిగా తీరిపోతుంది. నోటు అప్పులో నెలకు 20,000 తేలిగ్గా అనిపిస్తుంది. ఆ తేలికే ప్రమాదం. ఐదేళ్ల తర్వాత కారు సగం ధరకు కూడా రాదు, అప్పు మాత్రం కొత్తగా తెచ్చినట్టే ఉంటుంది.

20 లక్షల అప్పుకి లెక్కలు కింద ఇచ్చాను. రేట్లు లెక్క కోసం పెట్టుకున్నవి. మీ సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా తీర్చారా లేదా అని చూపే మార్కు), కారు వయసు బట్టి మీకు చెప్పే రేటు మారుతుంది.

| అప్పు | రేటు, గడువు | వాయిదా | మొత్తం వడ్డీ | తాకట్టు |
|---|---|---|---|---|
| బ్యాంకు పాత కారు లోను | 12 శాతం, 3 ఏళ్లు | నెలకు 66,429 | 3.91 లక్షలు | కారు |
| అదే లోను | 12 శాతం, 5 ఏళ్లు | నెలకు 44,489 | 6.69 లక్షలు | కారు |
| ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ | 14 శాతం, 5 ఏళ్లు | నెలకు 46,537 | 7.92 లక్షలు | కారు |
| ఆరు నెలల వాయిదా | 12 శాతం, 3 ఏళ్లు | ఆరు నెలలకు 4,06,725 | 4.40 లక్షలు | కారు |
| బెలూన్ (చివర్లో 6 లక్షలు) | 12 శాతం, 3 ఏళ్లు | నెలకు 52,500 | 4.90 లక్షలు | కారు |
| ఇంటి మీద లోను | 9.5 శాతం, 10 ఏళ్లు | నెలకు 25,879 | 11.05 లక్షలు | ఇల్లు |
| ప్రామిసరీ నోటు | రూపాయి వడ్డీ, 5 ఏళ్లు | నెలకు 20,000 | 12 లక్షలు, అసలు అలాగే | పరువు |

ఇంటి మీద లోను వరస ఒకసారి మళ్లీ చూడండి. పట్టికలో అన్నిటికంటే తక్కువ రేటు దానిదే. వడ్డీ మాత్రం బ్యాంకు కారు లోనుకి మూడేళ్లకు కట్టేదాని కంటే దాదాపు మూడు రెట్లు.

## ఒక్కో దారి

బ్యాంకు పాత కారు లోను. చాలామందికి నేను చెప్పేది ఇదే. బ్యాంకు తరఫు వాల్యూయరు కారు చూసి విలువ కడతాడు, ఆ విలువలో కొంత వాటా ఇస్తారు. మీరు బేరమాడిన ధర మీద కాదు, వాల్యూయరు రాసిన ధర మీద. ఖరీదైన కార్లకి ఈ రెండిటి మధ్య నాలుగైదు లక్షల తేడా రావడం కొత్త కాదు. బయానా ఇచ్చేముందే వాల్యుయేషన్ చేయించుకోవడం మంచిది. రెండో సంగతి కారు వయసు. లోను తీరే నాటికి కారు ఎనిమిదేళ్లో పదేళ్లో దాటకూడదని ఎక్కువ చోట్ల పెట్టుకుంటారు. 2017 మోడల్‌కి ఐదేళ్ల గడువు దొరకడం కష్టం.

రైతులకి అసలు ఇబ్బంది ఆదాయం కాగితం. వరి, కొబ్బరి ఆదాయానికి పన్ను లేదు కాబట్టి చాలామందికి రిటర్నులు ఉండవు. పాస్ పుస్తకం, మిల్లుకి తోలిన ధాన్యం డబ్బు ఖాతాలో పడ్డ స్టేట్‌మెంటు చూపించాలి. రొయ్యల సాగు ఆదాయాన్ని పన్ను శాఖ వ్యవసాయ ఆదాయంగా చూడదు, కాబట్టి చెరువుల వాళ్లకి రిటర్నులు ఉండాలి. మూడేళ్ల రిటర్నులు సరిగ్గా ఉన్న ఆక్వా రైతుకి లోను వచ్చినంత త్వరగా, లెక్కల్లేని నలభై ఎకరాల ఆసామికి రాదు. ఇది ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

ఆరు నెలల వాయిదా. ట్రాక్టర్లకి అలవాటైన పద్ధతే. కొన్ని బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రైతుల కార్లకి కూడా మూడు నెలలకో ఆరు నెలలకో వాయిదా పెడతాయి. అడిగితేనే చెబుతారు. వడ్డీ నెల వాయిదా కంటే 20 లక్షల మీద అర లక్ష దాకా ఎక్కువ పడుతుంది. సార్వా డబ్బు వచ్చిన వారానికి వాయిదా తేదీ పెట్టించుకుంటే ఆ అర లక్షకీ విలువ ఉంది, ఎందుకంటే చెక్కు ఒక్కసారి తిరిగొస్తే పడే చార్జీ, సిబిల్ స్కోరుకి తగిలే దెబ్బ అంతకంటే ఖరీదు.

కంపెనీ వాళ్ల సొంత ఫైనాన్స్. బీఎండబ్ల్యూకి ప్రీమియం సెలెక్షన్, ఆడికి అప్రూవ్డ్ ప్లస్, మెర్సిడెస్-బెంజ్‌కి సర్టిఫైడ్ అని పాత కార్ల విభాగాలున్నాయి. కారు తనిఖీ చేసి, వారంటీ ఇచ్చి అమ్ముతారు. ధర బయటి యార్డు కంటే ఎక్కువ ఉంటుంది. ఆ తేడాకి వారంటీ వస్తుంది, కాగితాలు శుభ్రంగా వస్తాయి. గేరు బాక్సు ఒక్కటి పోతే లక్షల్లో బిల్లు వచ్చే కార్లివి. మొదటిసారి ఇలాంటి కారు కొనేవాళ్లకి ఇది దండగ ఖర్చు కాదు.

వీళ్ల దగ్గర బెలూన్ పద్ధతి కనిపిస్తుంది. నెల వాయిదా తగ్గించి, చివర్లో పెద్ద మొత్తం ఒకేసారి కట్టమంటారు. పట్టికలో చూడండి, 66,429 కట్టాల్సిన చోట 52,500 కట్టి, ఆఖర్న 6 లక్షలు. మూడేళ్లకి కారు మార్చేసే అలవాటున్న డాక్టర్లకి, వ్యాపారులకి నప్పుతుంది. ఉంచుకునేవాళ్లకి నప్పదు. కొత్త కార్ల పథకాల్లో చివరి ధరకి కంపెనీ హామీ ఇచ్చి కారు వెనక్కి తీసుకునేవి ఉన్నాయి. పాత కారుకి ఆ హామీ ఉందో లేదో రాతపూర్వకంగా చూసుకోవాలి. లేకపోతే ఆ 6 లక్షల భారం పూర్తిగా మనదే.

బంగారం. మన ఇళ్లలో అన్నిటికంటే త్వరగా దొరికే అప్పు. మధ్యాహ్నం వెళ్తే సాయంత్రానికి డబ్బు. 5 లక్షలు దాటిన లోనుకి నగల విలువలో 75 శాతం దాకానే ఇస్తారు, అంటే 20 లక్షలు కావాలంటే దాదాపు 27 లక్షల బంగారం పెట్టాలి. ఏడాదికి అసలు, వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకుని, ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. అలా నాలుగేళ్లు సాగితే అది నోటు అప్పులాంటిదే.

బంగారం మీద కారు మొత్తం కొనొద్దు. పట్టుబడికి రెండు నెలలుంది, కారు ఇప్పుడు మంచి ధరకు దొరుకుతోంది, ఐదారు లక్షలే తక్కువయ్యాయి. అలాంటప్పుడు వాడుకోండి, పట్టుబడి రోజునే విడిపించండి. అమ్మాయి పెళ్లికని దాచిన నగలైతే అది కూడా వద్దు.

ఇంటి మీద లోను, హోమ్ లోన్ టాప్ అప్ (ఉన్న ఇంటి లోను మీదే అదనంగా తీసుకునేది). లెక్క పైన చెప్పాను. ఇంకో మాట: పొలాలు, చెరువులు పెట్టుకుని ఈ లోను బ్యాంకులు సాధారణంగా ఇవ్వవు. బ్యాంకులు కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని తీసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని స్వాధీనం చేసుకునే వీలు లేదు కాబట్టి అవి పట్టణంలో ఇల్లో, షాపో అడుగుతాయి. అంటే ఇరవై ఎకరాలున్న రైతు కూడా చివరికి తాను కాపురముండే ఇల్లే రాసివ్వాలి. కారు కోసం ఆ పని చెయ్యొద్దు. హోమ్ లోన్ టాప్ అప్ తీసుకుని, గడువు మూడు నాలుగేళ్లకే కుదించుకుని, ఆ క్రమశిక్షణ నిలబెట్టుకోగల జీతగాళ్లకి మాత్రం ఇది నిజంగానే చవక.

ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లోను. డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ, అంతే. డిపాజిట్ ఉన్నవాళ్లు ముందు ఇది అడగాలి.

పర్సనల్ లోను, చిట్టీ. పర్సనల్ లోనుకి తాకట్టు లేదు, అందుకే రేటు ఎక్కువ, గడువు తక్కువ. బ్యాంకు ఏదీ లోను ఇవ్వనంత పాత కారు కొంటున్నప్పుడే దీని అవసరం వస్తుంది, అలాంటి కారు అసలు కొనాలా అని అప్పుడే ఆలోచించాలి. రిజిస్టరైన చిట్టీలో సగం పైన కట్టేసి ఉంటే పాడుకోండి. కారు కోసం కొత్తగా చేరి మొదటి నెలల్లోనే పాడితే తగ్గింపు రూపంలో చాలా పోతుంది.

పంట రుణం డబ్బు మాత్రం ముట్టుకోవద్దు. తక్కువ వడ్డీకి వచ్చింది కదా అని కారుకి మళ్లిస్తే అది నియమాలకి విరుద్ధం, పైగా వచ్చే పంటకి మేతకీ ఎరువుకీ మళ్లీ రెండు రూపాయల వడ్డీకి వెళ్లాలి.

## ఇక్కడ బిగించిన కారా, దిగుమతి కారా

అప్పు ఎంపికకి దీనితో నేరుగా సంబంధం ఉంది. 3 సిరీస్‌ని, ఆరు సిలిండర్ల ఎం340ఐని బీఎండబ్ల్యూ చెన్నైలో బిగిస్తుంది. మెర్సిడెస్ సి-క్లాస్ పుణె దగ్గర చకన్‌లో తయారవుతుంది. మెర్సిడెస్‌దే ఏఎంజీ సి43, ఆడి ఎస్5 స్పోర్ట్‌బ్యాక్ లాంటివి పూర్తిగా తయారై ఓడ మీద వచ్చినవి. 40 వేల డాలర్లు దాటిన ఇలాంటి కార్ల మీద ఏళ్ల తరబడి నూటికి నూరు శాతం, అంతకు మించి సుంకం ఉంది. విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించిన వాటికి అందులో చిన్న వంతే. అందుకే 408 హెచ్‌పీ సి43, 374 హెచ్‌పీ ఎం340ఐ నడిపేటప్పుడు మరీ దూరంగా లేకపోయినా కొత్తప్పుడు ధరల్లో పాతిక లక్షల దాకా తేడా ఉండేది.

మొదటి యజమాని కట్టిన ఆ సుంకం పాత మార్కెట్‌లో తిరిగి రాదు. రెండో చేతికి కొనేవాళ్లకి అది లాభం. నష్టం ఎక్కడంటే, అప్పు దగ్గర. ఇలాంటి కార్లు అమ్ముడుపోయిందే తక్కువ కాబట్టి వాల్యూయరుకి పోల్చడానికి పాత ధరలు దొరకవు, భయపడి తక్కువ రాస్తాడు. మీ చేతి డబ్బు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. విడిభాగం కోసం వారాలు ఎదురుచూడాలి, ఆ వారాల్లో కూడా వాయిదా ఆగదు.

ఇంకో ముప్పు కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22న పెద్ద కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్నది, 40 శాతానికి దిగింది. కొత్త కారు ధర లక్షల్లో తగ్గితే యార్డులో నిలబడ్డ పాత కారు విలువ కూడా దిగక తప్పదు. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో కోటా మేరకు కార్ల సుంకాన్ని క్రమంగా 10 శాతానికి దించే మాట ఉంది. సుంకం తగ్గే రోజుల్లో, సుంకం వల్ల ఖరీదైన పాత కారు మీద ఐదేళ్ల అప్పు పెట్టుకోవడం నాకు నచ్చదు. 12 శాతం ఐదేళ్ల లోనులో రెండేళ్లు కట్టాక కూడా 20 లక్షల్లో ఇంకా 13.39 లక్షలు బాకీ ఉంటుంది. దిగుమతి కారైతే మూడేళ్ల గడువు, ధరలో సగం చేతి డబ్బు. అంత కుదరకపోతే చెన్నైలో బిగించినదే కొనండి.

కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్నవాళ్లు "అక్కడ చవగ్గా ఉంది, పంపించమంటావా" అని అడుగుతుంటారు. రాజోలు, నర్సాపురం వైపు ఇలాంటి ఫోన్లు మామూలే. గల్ఫ్ కార్లకీ, అమెరికా కార్లకీ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. వాడిన కారుని దిగుమతి చేసుకోవాలంటే కుడివైపు స్టీరింగు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. పైగా భారీ సుంకం. ఆ దారి వదిలేసి, అక్కడి నుంచి డబ్బే పంపమనండి. కొడుకు తండ్రికి పంపిన డబ్బు మీద తండ్రికి పన్ను లేదు, వడ్డీ అసలే లేదు.

ఎవరైనా "ఇది ప్రైవేటుగా దిగుమతి చేసిన కారు" అంటే మాత్రం కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి లెక్క చెప్పిన కాగితం చూపించమని అడగండి. 2025 సెప్టెంబరులో భూటాన్ మీదుగా దొంగదారిన వచ్చిన ఖరీదైన బళ్ల కోసం కేరళలో కస్టమ్స్ వాళ్లు 'నుమ్‌ఖోర్' పేరుతో సోదాలు చేసి పదుల సంఖ్యలో స్వాధీనం చేసుకున్నారు. అలాంటి బండి పోతే కారుండదు, అప్పు మాత్రం ఉంటుంది.

## నంబరు ప్లేటు, బురద

మన డెల్టాలో ఒక ప్రత్యేకమైన ఆకర్షణ ఉంది: పీవై 04. యానాం రిజిస్ట్రేషను. పుదుచ్చేరిలో రోడ్డు పన్ను తక్కువ కాబట్టి ఆ ప్లేటుతో ఖరీదైన కార్లు చాలా కనిపిస్తాయి. కారు ఆంధ్రాలో పన్నెండు నెలలు మించి ఉంటే ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కాకినాడలో ఉంటూ పీవై ప్లేటు కారు కొంటున్నప్పుడు ఆ పన్ను ముందే ధరలోంచి తగ్గించి బేరమాడాలి. తెలంగాణ, కర్ణాటక, ఢిల్లీ కార్లకీ ఇదే వర్తిస్తుంది. ఫారం 28 మీద అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) రావాలి, ఇక్కడ పన్ను కట్టాలి, అప్పుడు ఏపీ నంబరు. ఈ పన్నుకి బ్యాంకు లోను ఇవ్వదు. ఇన్సూరెన్సు, టైర్లు కూడా చేతి డబ్బే. డీలరు దగ్గర కొంటే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) ఉంటుంది, 35 లక్షలకు 35,000. అది రిటర్నులో జమ చేసుకోవచ్చు.

నేను చెప్పే లెక్క ఇది: ఈ ఖర్చులకి కారు ధరలో పదో వంతుకి తగ్గకుండా విడిగా ఉంచుకోలేనివాళ్లు, ఆ మేరకు తక్కువ ధర కారు చూసుకోవాలి.

ఆ 330ఐ చూడ్డానికి కుర్రాడితో నేనూ హైదరాబాద్ వెళ్లాను. పెయింటు అద్దంలా ఉంది. డ్రైవరు సీటు బెల్టు మెల్లగా చివరి దాకా లాగాను. మొదటి మూడు అడుగులు నల్లగా శుభ్రంగా ఉన్నాయి. ఆఖరి జానెడులో గోధుమ రంగు గీత ఒకటి అడ్డంగా ఎండిపోయి ఉంది, గోరుతో గీకితే పొడిగా రాలింది. బూట్‌లో బ్యాటరీ పక్కన వేలు పెట్టి తీస్తే సన్నటి ఒండ్రు. ఏటి పక్కన పుట్టినవాళ్లకి ఆ ఒండ్రు వాసన ఒకరు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన కార్లు ఎన్నో. ఇది ఎక్కడ మునిగిందో మాకు తెలియదు. కుర్రాడు ఒక్క మాట మాట్లాడలేదు. బయటికొచ్చి, "పద బాబాయ్" అన్నాడు.

మునిగిన కారుకి ఏ అప్పూ మంచిది కాదు. ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్ర, కంపెనీ సర్వీసు రికార్డు రెండూ తెప్పించుకోండి. కొన్నాక ఇన్సూరెన్సు 14 రోజుల్లో పేరు మార్పించుకోండి, లేకపోతే మీ కారు నష్టానికి క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తప్పకుండా తీసుకోండి. మన రోడ్ల మీద నీళ్లు నిలిచినప్పుడు ఇంజను నీళ్లు పీల్చుకుంటే మామూలు పాలసీ ఆ నష్టం ఇవ్వదు.

## ఎవరికి ఏది

రొయ్యల రైతుకి: సగానికి తగ్గకుండా చేతి డబ్బు, మిగతాది కారు తాకట్టు మీద, మూడేళ్లు, కుదిరితే పంట వాయిదాలు. ఒక పట్టుబడి మొత్తం పోయినా మూడు వాయిదాలు కట్టగల డబ్బు పక్కన ఉండాలి. వాయిదాలు కట్టలేకపోతే బ్యాంకు కారు అమ్మేస్తుంది, అమ్మగా వచ్చింది చాలకపోతే మిగతా బాకీ మన మీదే ఉంటుంది. చేతి డబ్బు ఎక్కువ పెట్టమనేది అందుకే.

రాజమహేంద్రవరం, కాకినాడల్లో డాక్టర్లు, ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు: నెల ఆదాయం స్థిరం కాబట్టి బ్యాంకు లోను మూడు నాలుగేళ్లకి, కారు కంపెనీ పాత కార్ల విభాగం నుంచి. మూడేళ్లకే మార్చేసేవాళ్లయితే బెలూన్ కూడా చూడొచ్చు.

రైస్ మిల్లు, మేత డీలర్‌షిప్ లాంటి వ్యాపారం ఉన్నవాళ్లు: కారు నిజంగా వ్యాపారానికి తిరుగుతుంటే సంస్థ పేరు మీద కొంటే వడ్డీ, ఏడాదికి 15 శాతం తరుగుదల ఖర్చుగా చూపించుకోవచ్చు. సొంత వాడకం వాటా తీసెయ్యాలి. కారు మీద జీఎస్‌టీ క్రెడిట్ మాత్రం రాదు. పన్ను కలిసొస్తుందని అప్పు పెంచుకోకండి.

కొబ్బరి, వరి మీద బతికే పెద్దవాళ్లు, పిల్లల ముచ్చట కోసం కొంటున్నవాళ్లు: డిపాజిట్ మీద లోను, లేదా అప్పే లేకుండా ఒక మెట్టు కింద కారు.

అందరికీ ఒక మాట: నగదుగా ఇవ్వొద్దు. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, జరిమానా తీసుకున్నవాడికి పడినా రుజువు లేక నష్టపోయేది మనం. కారు మీద అమ్మేవాడి పాత లోను ఉంటే డబ్బు నేరుగా ఆ బ్యాంకుకే కట్టి ఎన్‌ఓసీ, తాకట్టు తీరిందని చెప్పే ఫారం 35 తీసుకోండి. ఆర్‌సీ మీద మీ పేరు పడేదాకా లక్ష రూపాయలైనా ఆపుకోండి. బ్రోకరు మొహమాటపెడతాడు, పెట్టనివ్వండి.

ఆ కుర్రాడు ఒక పంట ఆగాడు. పట్టుబడి పర్వాలేదనిపించింది, ఇంకో 6 లక్షలు కలిపాడు. కంపెనీ పాత కార్ల విభాగంలోనే అదే ధరకి, మొదట చూసినదానికంటే ఒక ఏడాది పాతదైన ఇంకో 330ఐ దొరికింది. 14 లక్షలు బ్యాంకు లోను, 12 శాతం, మూడేళ్లు. నెలకు 46,500. ఏజెంటు కాగితం మీద రాసినదానికంటే 1,500 ఎక్కువ, మొత్తం వడ్డీ 7 లక్షలకు బదులు 2.74 లక్షలు. వాయిదా తేదీ ఐదో తారీఖు పెట్టించుకుని, నాలుగు నెలల వాయిదాలు పట్టుబడి రోజునే వేరే ఖాతాలో వేస్తున్నాడు. తెలంగాణ ఎన్‌ఓసీ వచ్చింది, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాడు, ఏపీ 39 ప్లేటు పడింది. ఫారం 35 మీద బ్యాంకు సంతకానికి ఇంకా ముప్పై ఒక్క నెలలుంది.